సైకియాట్రీకి వేరే పేపర్ లేదు, మార్కులు మాత్రం ఉన్నాయి

ప్రశ్న: ఎంబీబీఎస్ మూడో ఏడాది. వచ్చే నెల రెండు వారాల సైకియాట్రీ పోస్టింగ్ (వార్డులో శిక్షణ). వేరే పేపర్ లేదు కాబట్టి ఆ రోజుల్లో మెడిసిన్ చదువుకోమని సీనియర్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: వేరే పేపర్ లేని మాట నిజమే, ప్రశ్నలు జనరల్ మెడిసిన్ రెండో పేపర్‌లో వస్తాయి. కానీ ఆ పరీక్ష రాయాలంటే సైకియాట్రీ లాంటి ప్రతి అనుబంధ సబ్జెక్టు థియరీ క్లాసుల్లో 75 శాతం, ప్రతి క్లినికల్ పోస్టింగ్‌లో 80 శాతం హాజరు ఉండాలి. రెండు వారాలంటే 12 పనిదినాలు. మూడు రోజులు ఎగ్గొడితే 80 ఉండాల్సిన చోట 75 శాతానికి పడిపోతారు.

పోస్టింగ్ చివర సాధారణంగా ఒక కేసు ఇస్తారు, లేదా ఓస్కీ (ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని చేయించి మార్కులు వేసే పరీక్ష) స్టేషన్లు పెడతారు. కేసులో అసలు పరీక్ష మెంటల్ స్టేటస్ ఎగ్జామినేషన్, అంటే రోగి మానసిక స్థితిని చూసి, అడిగి రాయడం. మూడ్ అంటే తన మనసెలా ఉందో రోగి చెప్పేది, అఫెక్ట్ అంటే ఆ భావం ముఖంలో, మాటలో మీకు కనిపించేది. రెండు చోట్లా 'డిప్రెస్డ్' అని రాసేస్తే చూడకుండా రాశారని తెలిసిపోతుంది. 'ఇన్‌సైట్ లేదు' అని వదిలేయకండి, తనకు జబ్బుందన్న ఆ ఎరుకకు 1 నుంచి 6 దాకా గ్రేడ్లున్నాయి. 'హాలూసినేషన్స్ ఉన్నాయి' (లేనివి వినబడుతున్నాయి, కనబడుతున్నాయి) అని రాస్తే అది మీ తీర్పు మాత్రమే. 'గోడ అవతల నుంచి ఇద్దరు నా గురించే మాట్లాడుకుంటున్నారు' అని రోగి మాటనే తెలుగులో కోట్స్‌లో రాయండి. వైవాలో ఎగ్జామినర్ మొదట అడిగేది ఆ మాటే.

మన దగ్గర ఎక్కువగా తప్పు జరిగేది ఇంకోచోట. చేతబడి చేశారని రోగి అనగానే డెల్యూజన్ (జబ్బు వల్ల పాతుకుపోయిన తప్పుడు నమ్మకం) అని రాసేస్తారు. ఇంట్లోవాళ్ళు, ఊళ్ళోవాళ్ళు కూడా అదే నమ్ముతుంటే ఆ ఒక్క మాటతో డెల్యూజన్ అనలేం. వెంట వచ్చినవాళ్ళని అడిగి తీరాలి. అబ్‌స్ట్రాక్ట్ థింకింగ్‌ని (మాట వెనక భావాన్ని పట్టుకోగలగడాన్ని) పరీక్షించడానికి ఇంగ్లిష్ సామెతను అనువదించి అడగడమూ దండగే. 'అత్త మీద కోపం దుత్త మీద' అంటే ఏమిటని అడగండి. 'కుండ పగిలింది' అని ఆగిపోతే అది కాంక్రీట్ జవాబు, అంటే పైకి కనిపించే అర్థం దగ్గరే ఆగిపోయిన జవాబు.

ఓస్కీలో ఆత్మహత్య ఆలోచనల గురించి అడగకుండా లేచిపోయేవాళ్ళు చాలామంది. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్నది అపోహ. 'బతకాలని లేదనిపిస్తోందా?' అని మొదలుపెట్టి, చనిపోవాలన్న ఆలోచన, ప్రణాళిక, గతంలో ప్రయత్నం, ఇంట్లో తోడెవరున్నారు అన్న వరసలో వెళ్ళండి. బ్యాచ్‌మేట్‌ని రోగిగా కూర్చోబెట్టి ఈ ప్రశ్నలు పైకి అని చూడండి. మొదటి రెండుసార్లు నోరు రాదు, మూడోసారికి అలవాటవుతుంది.