పాత స్పానిష్ పుస్తకంలో మేరీమాత, వంశచిహ్నం ఎందుకు?

మేరీమాత ముందు మోకరిల్లిన కుటుంబం, పక్కనే రంగుల వంశచిహ్నం. 16వ శతాబ్దపు ఈ స్పానిష్ పుస్తకం ప్రార్థనా గ్రంథమా అని అడిగారు. చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ, నిజానికి అది కోర్టు తీర్పు! పేరు ‘కార్తా ఎహెకుతోరియా దే ఇదాల్గియా’, అంటే ఒకరు ‘ఇదాల్గో’ అని ఖాయం చేసే తీర్పు పత్రం.

ఇదాల్గో అంటే చిన్నస్థాయి కులీనుడు. సామాన్యులు కట్టే ‘పెచో’ అనే పన్ను అతనికి ఉండేది కాదు. ఊరివాళ్లు కట్టమని పట్టుబడితే స్పెయిన్‌లోని వయ్యదోలిద్ లేదా గ్రనాడా నగరంలో ఉన్న రాజన్యాయస్థానానికి వెళ్లేవాడు. తండ్రి, తాత కూడా కట్టలేదని ఊళ్లో ముసలివాళ్లు సాక్ష్యం చెప్పాలి. గెలిస్తే రాజు పేరుతో తీర్పు ప్రతి ఇచ్చేవారు: చర్మపు పుటలు, పట్టుదారాలకు వేలాడే సీసపు ముద్ర. బొమ్మల ఖర్చు మాత్రం గెలిచినవాడిదే. అందుకే డబ్బున్నవాళ్ల ప్రతులు బంగారంతో అంత ధగధగలాడతాయి.