గేమ్ ఆడుతుండగా కంప్యూటర్ ఆగిపోతోంది: తప్పు గ్రాఫిక్స్ కార్డుదా, ఎస్ఎంపీఎస్‌దా?

గేమ్ మొదలుపెట్టిన పది నిమిషాలకు కంప్యూటర్ మొత్తం ఒక్కసారిగా ఆగి దానంతటదే మళ్లీ మొదలవుతోందనీ, మామూలు పనులకు ఏ ఇబ్బందీ లేదనీ, రిపేరు షాపువారు మాత్రం గ్రాఫిక్స్ కార్డు పోయిందని తేల్చేశారనీ మీరు రాశారు. కొత్త కార్డుకు తొందరపడకండి. ఈ లక్షణాలకు నేనైతే ముందుగా, కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌నే అనుమానిస్తాను.

కార్డులోని మెమరీ గానీ చిప్ గానీ దెబ్బతింటే సాధారణంగా తెర మీద రంగు చుక్కలు, గళ్లు కనిపిస్తాయి. లేదా డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) క్రాష్ అయి తెర నల్లబడినా వెనకాల శబ్దం వినిపిస్తూనే ఉంటుంది. స్విచ్ కట్టేసినట్టు యంత్రమంతా ఆగిపోతే, కరెంటు అందడంలోనే లోపం ఉండే అవకాశం ఎక్కువ. విండోస్‌లో జరిగిన సంగతులు నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్-పవర్ 41’ చూసి చాలామంది ఎస్ఎంపీఎస్ పోయిందని నిర్ధారించుకుంటారు గానీ, కంప్యూటర్ సరిగా షట్‌డౌన్ కాలేదన్న సంగతి తప్ప అది కారణమేదీ చెప్పదు.

నాకూ ఇదే సమస్య వచ్చింది. నా గ్రాఫిక్స్ కార్డు 170 వాట్ల ఆర్‌టీఎక్స్ 3060. దానికి తయారీదారు ఎన్విడియా సూచించేది 550 వాట్ల ఎస్ఎంపీఎస్ అయితే, నా దగ్గరున్నది ఆరేళ్ల పాతదైన 450 వాట్లది. షాపులో నాకూ కార్డు మార్చమనే చెప్పారు. ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో కార్డు వాడుకునే కరెంటు పరిమితిని (పవర్ లిమిట్) 70 శాతానికి తగ్గించి ఆడితే రెండు గంటలైనా ఆగలేదు. అయితే భారం తగ్గితే దెబ్బతిన్న కార్డు కూడా కుదురుగా నడవవచ్చు కాబట్టి, దీనితోనే తేల్చలేం. తర్వాత ఖాళీగా ఉన్న మోలెక్స్ (ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే నాలుగు పిన్నుల) కనెక్టర్‌లో పసుపు, నలుపు తీగల మధ్య మల్టీమీటర్ పెట్టి చూశాను. ఊరికే ఉన్నప్పుడు 12 వోల్టులు చూపినది, ఫర్‌మార్క్ (కార్డుపై పూర్తి భారం వేసే పరీక్షా ప్రోగ్రామ్) నడపగానే 11.2కు పడిపోయింది. ఆ కాలపు ఎస్ఎంపీఎస్‌ల ప్రమాణం ప్రకారం అది 11.4 కంటే తగ్గకూడదు. మీకు 12 కనిపించినా నిశ్చింతగా ఉండకండి. మిల్లీసెకన్లలో వచ్చిపోయే తగ్గుదలను మామూలు మీటరు పట్టుకోలేదు.

సందేహం పూర్తిగా తీరింది మార్చి చూశాకే. నా కార్డు మా బావమరిది కంప్యూటర్‌లో సాయంత్రమంతా చక్కగా నడిచింది. అతని 650 వాట్ల ఎస్ఎంపీఎస్ తగిలించాక నా కంప్యూటరూ కుదుటపడింది. అది తగిలించేటప్పుడే పెద్ద పొరపాటు చేయబోయాను. క్యాబినెట్‌లో సర్ది ఉన్న పాత కేబుళ్లను కదపడమెందుకని వాటినే అతని ఎస్ఎంపీఎస్‌కు గుచ్చబోతే, బావమరిది చెయ్యి పట్టుకుని ఆపాడు. మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీయగల) ఎస్ఎంపీఎస్‌ల కేబుళ్లు చూడటానికి ఒకేలా ఉన్నా, ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక కంపెనీని బట్టి, ఒక్కోసారి మోడల్‌ను బట్టి మారుతుంది; 5 వోల్టులు రావలసిన చోట 12 వస్తే డిస్కులు కాలిపోతాయి. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి, ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో ఛార్జ్ మిగిలి ఉంటుంది.

మీ కార్డు వేరే కంప్యూటర్‌లో కూడా అలాగే ఆగిపోతే షాపువారి మాటే నిజం. ఈలోగా కార్డు మోడల్‌తోపాటు, ఎస్ఎంపీఎస్ లేబుల్ మీద 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లని ఉందో రాయండి. దాన్ని 12తో గుణిస్తే వచ్చే వాట్లే మనకు లెక్క, డబ్బా మీద పెద్దక్షరాల్లో వేసిన సంఖ్య కాదు.