బయట బిగించే ఐపీ66 సీసీ కెమెరాకు విడిగా పెట్టె (హౌసింగ్) కూడా కావాలా?

అక్కర్లేదు, ఐపీ66 లేదా ఐపీ67 ఉన్న కెమెరాకు ఎండ తగలకుండా చిన్న రేకు, వైర్ల జాయింట్లకు ఒక జంక్షన్ బాక్స్ ఉంటే సరిపోతుంది.

ఐపీ అంటే దుమ్ము, నీటి నుంచి ఎంత రక్షణ ఉందో చెప్పే రేటింగ్. అందులో మొదటి అంకె 6 అంటే దుమ్ము లోపలికి చొరబడదని. రెండోది నీటి సంగతి: 6 అయితే జోరుగా కొట్టే నీటిధారను, 7 అయితే మీటరు లోతులో అరగంట మునకను తట్టుకుంటుంది. కానీ ఈ హామీ కెమెరా బాడీకే. వెనక వేలాడే వైరు చివర పవర్ పిన్ను, నెట్‌వర్క్ ప్లగ్గు కలిసే చోటు సాధారణంగా దీని కిందికి రాదు. అక్కడ చెమ్మ చేరితే పిన్నుకు చిలుము పట్టి బొమ్మ వస్తూ పోతూ ఉంటుంది. టేపు చుట్టి వదిలేయడం అస్సలు మంచిది కాదు, ఎండకు జిగురు వదిలేస్తుంది.

వేడి గురించి ఐపీ ఏమీ చెప్పదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక దుకాణం పడమటి గోడకు కెమెరా ఉందనుకోండి. మే నెలలో గాలే 44 డిగ్రీలుంటే, ఎండ పడే బాడీ అంతకంటే కాగుతుంది. చాలా మోడళ్ల పరిమితి 50 లేదా 60 డిగ్రీలే. అందుకే పైన రేకు. వైరును కిందికి వంపు తిప్పి బాక్సు అడుగు నుంచి ఎక్కిస్తే వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

అద్దాల పెట్టెలో పెడితే ఇంకా భద్రమని చాలామంది అనుకుంటారు. నిజానికి పగలు వేడి లోపలే ఉండిపోతుంది. రాత్రి కెమెరా ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు అద్దానికి తగిలి తిరిగొచ్చి బొమ్మంతా తెల్లగా అలుక్కుపోతుంది. ఐపీ రేటింగ్ లేని పాత బాక్స్ కెమెరాలకైతే మాత్రం హౌసింగ్ తప్పదు.