పాఠకుల ప్రశ్నలు: క్యాండిడ్, క్యాండిడేట్, క్యాండిడా

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లికి ‘క్యాండిడ్’ ఫోటోలంటే రేటు వేరే అంటున్నారు. మా అబ్బాయి హాల్ టికెట్ మీద ‘క్యాండిడేట్’ అని ఉంది. మా అత్తగారి నాలుక మీద తెల్లగా పూత వస్తే డాక్టరు గారు ‘క్యాండిడా’ అన్నారు. మాస్టారూ, ఈ మూడూ ఒకే మాటా? అయితే అసలు అర్థం ఏమిటి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఒకే మాటేనమ్మా. మూడూ పుట్టింది క్యాండిడస్ అనే లాటిన్ విశేషణం నుంచే. తెల్లని అని దాని అర్థం. పుంలింగంలో క్యాండిడస్, స్త్రీలింగంలో క్యాండిడా, నపుంసకలింగంలో క్యాండిడమ్. సంస్కృతంలో శ్వేతః, శ్వేతా, శ్వేతం అంటామే, అదే పద్ధతి.

నేను బోటనీ లెక్చరర్‌గా పనిచేసిన రోజుల్లో మొక్కల పేర్ల దగ్గర ఈ లింగాలన్నీ చెప్పాల్సి వచ్చేది. పట్టుపురుగులు తినే మల్బరీ మోరస్ ఆల్బా, శ్రీగంధం శాంటలమ్ ఆల్బమ్, పశ్చిమాసియా వైపు తెల్ల లిల్లీ లీలియమ్ క్యాండిడమ్. ఆల్బా అన్నా తెలుపే, క్యాండిడమ్ అన్నా తెలుపే, మరి రెండు మాటలెందుకని తెలివైన పిల్లలు అడిగేవాళ్లు. వర్జిల్ కావ్యాలకి వ్యాఖ్యానం రాసిన సర్వియస్ దీనికి చక్కగా జవాబిచ్చాడు. ఆల్బస్ పాలిపోయిన రంగుకి దగ్గరగా ఉండే తెలుపు, క్యాండిడస్ లోపల్నుంచి మెరుపు నిండిన తెలుపు అన్నాడు. రోమ్‌కి ఉత్తరాన ఉన్న సొరాక్టే కొండని మంచు కప్పేసినప్పుడు కవి హొరేస్ వాడింది క్యాండిడమ్ అనే మాటే.

మీ అబ్బాయి సంగతికి వస్తాను. రోమన్లు కట్టుకునే టోగా ఉన్ని బట్ట, దాని సహజమైన రంగు అంత తెల్లగా ఉండదు. పదవికి పోటీ చేసేవాడు పదిమందిలో కనబడాలని దానికి సుద్ద పట్టించేవాడు. మన పంచెలకి నీలిమందు పెట్టినట్టే అనుకోండి. ఆ మెరిసే బట్ట కట్టినవాడే క్యాండిడాటస్, అంటే తెల్లబట్టలవాడు. క్రీ.పూ. 432లో ఓట్ల కోసం బట్టలకి తెలుపు పూయకూడదని ఒక చట్టమే చేశారని చరిత్రకారుడు లివీ రాశాడు. అది ఎక్కువకాలం నిలిచినట్టు లేదు. ఎందుకంటే క్రీ.పూ. 64లో కాన్సల్ అనే రోమ్ అత్యున్నత పదవికి పోటీ చేస్తూ ప్రసిద్ధ వక్త సిసెరో తన ప్రత్యర్థుల మీద సెనేట్‌లో చేసిన ప్రసంగం పేరే ‘ఇన్ టోగా క్యాండిడా’, తెల్ల టోగాలో అని. ఆ ప్రసంగం ఇప్పుడు ముక్కలుగానే మిగిలింది. ఆ ఎన్నికలో మాత్రం సిసెరో గెలిచాడు. మన నాయకుల తెల్ల ఖద్దరుకీ దీనికీ చుట్టరికం లేదు, అది స్వదేశీ ఉద్యమం ఇచ్చింది.

మీ అత్తగారిది క్యాండిడా ఆల్బికన్స్ అనే ఫంగస్ అయ్యుంటుంది. క్యాండిడా అనే ప్రజాతి పేరు 1923లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త క్రిస్టీన్ బెర్కౌట్ పెట్టింది. ఆల్బికన్స్ అంటే తెల్లబడుతున్నది. తెలుపుని రెండుసార్లు చెప్పినట్టయింది, కానీ నోట్లో ఆ పూతని చూసినవాళ్లకి అది ఎక్కువ అనిపించదు. షుగర్ ఉన్నవాళ్లకీ కట్టుడు పళ్లు పెట్టుకునేవాళ్లకీ ఇది తరచుగా వస్తుంది. పూత తగ్గిందని మధ్యలో మానేయకుండా డాక్టరు చెప్పినన్ని రోజులూ మందు వాడించండి.

ఇక ఫోటోల మాట. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. లాటిన్‌లో ఈ తెలుపు మనిషి మనసుకి కూడా వచ్చింది. హొరేస్ ఒక ప్రయాణంలో దారిలో వర్జిల్, వేరియస్, ప్లోషియస్ అనే మిత్రులు కలిసినప్పుడు, ఇంతకంటే తెల్లని ఆత్మలని ఈ భూమి కనలేదు అని పొంగిపోతాడు. ఓవిడ్ అనే మరో రోమన్ కవిని క్రీ.శ. 8లో నల్లసముద్రం ఒడ్డున ఉన్న టోమిస్ అనే ఊరికి వెళ్లగొట్టారు. చలికాలంలో, ఓడలో, అలల మధ్య కూర్చుని రాసిన పద్యాలివి, తప్పులుంటే క్షమించమని చదివేవాణ్ణి వేడుకుంటూ ‘క్యాండిడే లెక్టార్’ అని పిలుస్తాడు. తెల్లని పాఠకుడా అని. అంటే తప్పులు ఏరడానికి కాకుండా, దయగా, కల్మషం లేకుండా చదివేవాడా అని.

చూడండమ్మా, ఇందులో ముఖం మీద చెప్పెయ్యడం అనేది ఎక్కడా లేదు. ఇంగ్లీషులో కూడా 1755 నాటి జాన్సన్ నిఘంటువు క్యాండిడ్ అంటే ద్వేషం, మోసం లేని అనే చెబుతుంది. ఉన్నదున్నట్టు అనేయడం అన్న అర్థం తర్వాత బలపడింది. ఇవాళ ‘క్యాండిడ్‌గా చెప్తున్నా’ అని మొదలుపెట్టి ఎదుటివాళ్ల మనసు గాయపరిచేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. నిజం చెప్పొద్దని కాదు, చెప్పేవాడి మనసులో విషం ఉంటే ఆ మాట పుట్టినప్పటి అర్థానికే అది ఎదురు. మీ ఫోటోగ్రాఫర్ చెప్పేది మాత్రం సబబే: పోజు పెట్టించకుండా, నవ్వమనకుండా, మనుషులు వాళ్లలా వాళ్లు ఉన్నప్పుడు తీసేది. అప్పగింతల వేళ ఒక్కటి అలాంటిది మంచిగా వచ్చినా ఆ డబ్బుకి న్యాయం జరిగినట్టే.

మరో ప్రశ్న: క్యాండిల్ కూడా ఇదేనా? మన భాషలో దీనికి బంధువులెవరైనా ఉన్నారా?
– అదే ఉత్తరం చివర

జవాబు: ఉన్నారు, ఏకంగా చందమామే. క్యాండిడస్, క్యాండిల్, కాంతిని కొలిచే క్యాండెలా, అన్నిటికీ మూలం వెలుగు చిమ్మడం అనే అర్థమున్న క్యాండేరే అనే క్రియ. ఆ లాటిన్ క్రియా, సంస్కృతంలోని చంద్ర శబ్దమూ ఒకే ప్రాచీన ధాతువు నుంచి వచ్చాయని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. ఋగ్వేదంలో చంద్ర అంటే మెరిసే అని విశేషణం కూడా. ఆ ధాతువుకి ముందు ఒకప్పుడు స కారం ఉండేది. లాటిన్‌లో అది పోయింది, చంద్రుడిలోనూ పోయింది. హరిశ్చంద్రుడి పేరులో మాత్రం ‘శ్’గా ఇంకా వినబడుతోంది. మామూలుగా అయితే హరిచంద్రుడు అనాలి, మధ్యలో ఆ ‘శ్’ ఎందుకొచ్చిందో సమర్థించడానికి పాణిని ప్రత్యేకంగా ఒక సూత్రం రాయాల్సి వచ్చింది.