"ది ఈగిల్ ఆఫ్ ది నైన్త్" నవల చదవొచ్చా? సగం దాకా స్లోగా ఉంటుందంటున్నారు, నిజమేనా?

మీరు రెండు విషయాలు అడిగారు. రోజ్‌మేరీ సట్‌క్లిఫ్ రాసిన ఈ రోమన్ సైనికుల నవల యుద్ధంతో ఊపుగా మొదలై తర్వాత చప్పబడిపోతుందని చాలామంది అంటున్నారు, కొనాలా వద్దా అన్నది మొదటిది. ఇందులో కథ నిజంగా జరిగిందా అన్నది రెండోది. నేను ఈ పుస్తకం మూడుసార్లు చదివాను. తప్పకుండా కొనండి. అంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో అర్థం కావాలంటే ముందు నా మోకాలి సంగతి చెప్పాలి.

డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఎస్సై ఉద్యోగానికి ప్రిపేర్ అయ్యాను. రోజూ తెల్లవారకముందే కాలేజీ గ్రౌండ్‌కి వెళ్లి 1600 మీటర్లు పరిగెత్తేవాణ్ణి. ప్రిలిమ్స్ పాసయ్యాను. ఈవెంట్స్‌కి ఇంకా నెల రోజులు ఉందనగా లాంగ్ జంప్ ప్రాక్టీసులో ఇసుక గుంత అంచు మీద కాలు పడి మోకాలు మెలి తిరిగింది. లోపల ఏదో తెగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో బెణికిందని చెప్పి, క్రేప్ బ్యాండేజీ చుట్టి పంపించారు. వాపు తగ్గింది కదా అని రెండు వారాలకి మళ్లీ గ్రౌండ్‌కి వెళ్తే, పది అడుగులు వేయకముందే మోకాలు జారిపోయింది. అప్పుడు ఎమ్మారై తీయించాం. లిగమెంట్ పూర్తిగా తెగిందన్నారు. ఆపరేషన్ అయింది. ఈవెంట్స్ తేదీ నేను మంచం మీద ఉండగానే వెళ్లిపోయింది. ఇంట్లో అందరూ "కాలు బాగైతే చాలు" అనేవాళ్లు. నాకు మాత్రం పొద్దున్నే మెలకువ వచ్చేసేది, లేచి ఏం చేయాలో తెలిసేది కాదు.

అప్పుడే మా బావ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాలు ఓ నాలుగు తెచ్చి నా పక్కన పడేశాడు. అందులో ఇదొకటి. అట్ట మీద రోమన్ సైనికుడు ఉంటే సరే, కొట్లాటల కథ, టైంపాస్ అవుతుందని తీశాను.

1954లో వచ్చిన నవల ఇది. హీరో మార్కస్ ఫ్లావియస్ అక్విలా, కుర్ర సెంచూరియన్, అంటే రోమన్ సైన్యంలో ఒక దళానికి అధికారి. ఇప్పటి ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ ఉన్న చోట అప్పట్లో ఉన్న ఒక సరిహద్దు కోటకి అధికారిగా వస్తాడు. కొన్నాళ్లకే స్థానిక తెగ తిరగబడుతుంది. కోట బయట చిక్కుకున్న తన వాళ్లని కాపాడ్డానికి దూసుకొస్తున్న రథం మీదికి మార్కస్ దూకుతాడు. ఆ రథం నడిపేది అంతకుముందు తనతో కలిసి వేటకెళ్లిన క్రాడాక్. మనుషులు బతుకుతారు, మార్కస్ కాలు మాత్రం నుజ్జవుతుంది. సైన్యం అతన్ని ఇంటికి పంపేస్తుంది. ఇదంతా మొదటి నాలుగు అధ్యాయాల్లోనే అయిపోతుంది. మొత్తం 21 అధ్యాయాలు. అసలు సాహసయాత్ర, అంటే తన తండ్రితో పాటు మాయమైన తొమ్మిదో లెజియన్ (వేల మంది ఉండే రోమన్ సైనిక దళం) గద్ద ధ్వజాన్ని వెతుక్కుంటూ, బ్రిటన్‌లో రోమన్ల సరిహద్దైన హేడ్రియన్ గోడ దాటి ఉత్తరానికి వెళ్లడం, దాదాపు సగం పుస్తకం అయ్యాక గానీ మొదలవదు.

స్లో అంటున్నది ఆ మధ్య భాగాన్నే. మా బావ కూడా అదే అన్నాడు, "ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి వంద పేజీలు నడిపింది" అని. నాకు మాత్రం ఆ వంద పేజీలే ప్రాణం. మార్కస్ తన తండ్రి సోదరుడి ఇంట్లో, కాలేవా అనే ఊళ్లో (ఇప్పటి సిల్చెస్టర్) ఉంటాడు. సైన్యం తప్ప వేరే బతుకు ఊహించుకోని మనిషి. పలకరించడానికి వచ్చినవాళ్లకి ఏం చెప్పాలో తెలియదు. కాలు నొప్పి తగ్గదు. ఎందుకు తగ్గడం లేదో ఎనిమిదో అధ్యాయంలో తెలుస్తుంది. మొదట చూసిన వైద్యుడు గాయాన్ని సరిగా శుభ్రం చేయలేదు, మళ్లీ కోయాలి. మత్తుమందు లేని కాలం. అంత ధైర్యస్థుడు కూడా ఆ రోజు కోసం ఎదురుచూస్తూ భయపడతాడు, ఆ భయం ఎవరికీ కనపడకూడదని తంటాలు పడతాడు. ఆ అధ్యాయం చదువుతున్నప్పుడు నా మోకాలికి ఇంకా కుట్లు ఉన్నాయి. పుస్తకం బోర్లించి కాసేపు పైన ఫ్యాన్ వంక చూస్తూ ఉండిపోయాను. నేను ఎవరితోనూ అనని మాటలు ఎక్కడో ఇంగ్లండ్‌లో ఒకావిడ నేను పుట్టకముందే రాసి పెట్టింది.

తర్వాత ఆవిడ గురించి చదివాను. సట్‌క్లిఫ్ 1920లో పుట్టారు. చిన్నతనంలోనే స్టిల్స్ డిసీజ్ అనే కీళ్ల జబ్బు వచ్చి, జీవితంలో చాలా భాగం వీల్‌చైర్‌లోనే గడిపారు. ఆసుపత్రులు, ఆపరేషన్లు ఆవిడకి బాగా తెలిసిన విషయాలు. కాలు నొప్పి మీద రాసిన ప్రతి వాక్యం అంత సూటిగా ఎలా తగిలిందో అప్పుడు అర్థమైంది.

అందరూ నాలాగే చదవాలని లేదు. మా మేనకోడలు పదో తరగతి సెలవుల్లో చదివి నాతో గట్టిగా గొడవపడింది. మార్కస్ గ్లాడియేటర్ ఆటల్లో ఓడిపోయిన ఎస్కా అనే బ్రిటన్ యువకుణ్ణి బానిసగా కొనుక్కుంటాడు. ఎస్కా తనను తాను యజమాని కాళ్ల దగ్గర పడుకునే కుక్కతో పోల్చుకుంటాడు. "కొన్నవాడు మంచివాడైతే మాత్రం బానిసత్వం మంచిదైపోతుందా మావయ్యా?" అంది. ఆ కోపం న్యాయమైనదే. మార్కస్ అతనికి స్వేచ్ఛ ఇచ్చేది యాత్రకి బయల్దేరే ముందే అయినా, ఆ స్నేహం అంత తేలిగ్గా కుదరడం నాకూ కొంచెం నమ్మబుద్ధి కాదు.

కానీ రచయిత్రి రోమన్ల వైపే నిలబడి రాసిందంటే మాత్రం ఒప్పుకోను. ఒక చోట మార్కస్, మీవాళ్లు మమ్మల్ని ఎందుకు ద్వేషిస్తారని అడుగుతాడు. ఎస్కా మార్కస్ బాకు ఒర మీది నగిషీ చూపిస్తాడు. గీతలన్నీ కొలిచినట్టు, ఒకదానికొకటి సరిజోడుగా ఉంటాయి. తర్వాత తమవాళ్లు చేసిన డాలు మధ్య బొడిపె చూపిస్తాడు. దాని మీద గీతలు నీళ్లు పారినట్టు, గాలి వీచినట్టు ఒకదాంట్లోంచి ఒకటి వంపులు తిరుగుతూ పోతాయి. ఈ డాలు చేసినవాడు ఆ ఒర చేసినవాడి పాలన కింద హాయిగా బతకగలడా అన్నదే అతని జవాబు. ఇంగ్లిష్ దొరల పాలన చూసిన దేశంలో పుట్టినవాణ్ణి, ఆ పేజీ నాకు బాగా గుర్తుండిపోయింది. మేనకోడలికి కూడా ఆ పేజీ నచ్చింది.

2011లో వచ్చిన సినిమా ముందు చూస్తే పుస్తకం మీద తప్పుడు అంచనా ఏర్పడుతుంది. అందులో కొట్లాటలు ఎక్కువ, పక్కింటి అమ్మాయి కొట్టియా అసలు లేదు. ముందు పుస్తకమే చదవండి.

ఇక నిజమా కాదా అన్న సంగతి. తొమ్మిదో లెజియన్ నిజంగా ఉంది, పూర్తి పేరు తొమ్మిదో హిస్పానా. నవలలో అది క్రీ.శ. 117 ప్రాంతంలో యార్క్ నుంచి ఉత్తరానికి వెళ్లి మళ్లీ కనపడకుండా పోతుంది. బ్రిటన్‌లో ఆ లెజియన్ పేరుతో తేదీ తెలిసిన చివరి ఆధారం యార్క్‌లో దొరికిన 108 నాటి శాసనం. అయితే నెదర్లాండ్స్‌లోని నైమేఖన్‌లో కూడా వాళ్ల ముద్ర ఉన్న వస్తువులు దొరకడంతో, వాళ్లు బ్రిటన్‌లో చావలేదని, వేరే చోటికి బదిలీ అయ్యారని చాలామంది చరిత్రకారులు అంటారు. ఈ కథకి రెండో ఆధారం, 1866లో సిల్చెస్టర్ తవ్వకాల్లో దొరికిన రెక్కల్లేని కంచు గద్ద. ఇప్పుడు రెడింగ్ మ్యూజియంలో ఉంది. అది సైన్యం ధ్వజం కాదని, ఏదో విగ్రహంలో భాగమని ఇప్పుడు చెబుతున్నారు. మాయమైన లెజియన్‌నీ ఈ రెక్కల్లేని గద్దనీ సట్‌క్లిఫ్ ఒక్క కథలో కలిపారు. చరిత్ర పాఠంగా కాకుండా కథగా తీసుకుంటే ఏ ఇబ్బందీ లేదు. గద్ద చివరికి ఏమవుతుందో మాత్రం చెప్పను.

చదివేటప్పుడు ఒక్క జాగ్రత్త. పిల్లల కోసం రాసిందంటారు గానీ ఇంగ్లిష్ అంత సులువు కాదు. నాది తెలుగు మీడియం. చెట్లు, పక్షులు, వాతావరణం మీద వర్ణనలు ఎక్కువ, మొదటి రెండు అధ్యాయాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. ఊళ్లన్నీ లాటిన్ పేర్లతో ఉంటాయి, మ్యాప్ ఉన్న ఎడిషన్ దొరికితే అదే తీసుకోండి. ఎనిమిదో అధ్యాయం దాకా వెళ్లాక కూడా పట్టుకోకపోతే పక్కన పెట్టేయండి, తర్వాతి అడవుల్లో ప్రయాణం కూడా మీకు నచ్చకపోవచ్చు. నచ్చితే మాత్రం అదే కుటుంబం తర్వాతి తరాల కథలు "ది సిల్వర్ బ్రాంచ్", "ది లాంటర్న్ బేరర్స్" ఉన్నాయి. నేను రెండోదానిలో సగంలో ఉన్నాను.