చిన్న విమానాన్ని చిన్నచూపు చూడకు

చిరంజీవి హారికకు పెదనాన్న ఆశీర్వదించి రాస్తున్నది.

నీ ఉత్తరం చేరింది. మొదటి సోలో, అంటే ఒంటరిగా ఎగరడం, పూర్తయిందన్న వాక్యం చదివి మీ పెద్దమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి, వీధిలో అందరికీ చెప్పి వచ్చింది. నాకూ కడుపు నిండినట్టయింది. కానీ రెండో పేజీలో నువ్వు రాసినది చదివాక ఈ జవాబు వెంటనే రాయాలనిపించింది. రోజూ అదే చిన్న సెస్నా విమానం, అదే రన్‌వే, దాని చుట్టూ అవే సర్క్యూట్లు, విసుగ్గా ఉంది అన్నావు. ఈ 200 గంటలు ఎలాగో గడిచిపోతే ఎయిర్‌బస్ శిక్షణకు వెళ్లిపోవచ్చు అన్నావు. ఆ కిందే, విమానయానంలో మరపురాని ఘట్టాలేవో చెప్పమని అడిగావు. నీ విసుగుకూ నీ ప్రశ్నకూ నా దగ్గర ఉన్నది ఒకటే జవాబు. ఆ ఘట్టాల్లో వందలమందిని బతికించిన విద్య చాలాసార్లు చిన్న విమానంలో అబ్బినదే. అందుకే ఈ గంటలను గడిపేయకు.

అన్నిటికన్నా ముందు కెనడాలోని గిమ్లీలో జరిగిన సంగతి చెబుతాను. 1983 జూలై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767 ఒకటి మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్ బయలుదేరింది. దారిలో ఒట్టావాలో ఆగింది. ఇంధనం చూపే మీటర్లు పనిచేయడం లేదు కాబట్టి ట్యాంకుల్లో డిప్ స్టిక్ అనే కొలకర్రతో కొలిచారు. 7,682 లీటర్లు ఉన్నట్టు తేలింది. ప్రయాణానికి కావలసింది 22,300 కిలోలు. లీటర్లను కిలోల్లోకి మార్చాలంటే సుమారు 0.8తో గుణించాలి. ఆ రోజు 1.77తో గుణించారు. అది లీటరుకు ఎన్ని పౌండ్లో చెప్పే అంకె. ఆ సంస్థలో కిలోల లెక్కతో నడిచే విమానాలు అప్పుడప్పుడే వచ్చాయి, మిగతావన్నీ పౌండ్లవే. దాంతో 4,916 లీటర్లు మాత్రమే అదనంగా నింపి, సరిపోయిందనుకున్నారు. నిజానికి ట్యాంకుల్లో ఉన్నది అవసరమైనదానిలో సగం కూడా లేదు. ఒట్టావాలో మళ్లీ కొలిచారు. మళ్లీ అదే 1.77తో గుణించారు.

41,000 అడుగుల ఎత్తులో ఉండగా హెచ్చరికలు మొదలయ్యాయి. ముందు ఒక ఇంజిను, తర్వాత రెండోది ఆగిపోయాయి. కాక్‌పిట్‌లో తెరలు చాలావరకు ఆరిపోయాయి. గాలి వేగానికి తిరిగే చిన్న టర్బైన్ ఒకటి విమానం పొట్ట కింద నుంచి బయటికి వచ్చి, కంట్రోల్స్ కదలడానికి కావలసినంత హైడ్రాలిక్ శక్తి ఇచ్చింది. విన్నిపెగ్ చేరలేమని ఫస్ట్ ఆఫీసర్ మారిస్ క్వింటాల్ లెక్క తేల్చాడు. తాను వైమానిక దళంలో ఉన్నప్పుడు పనిచేసిన గిమ్లీ స్థావరం ఆయనకు గుర్తొచ్చింది. అక్కడి రన్‌వే ఒకటి అప్పటికే కార్ల పందేల బాటగా మారిందనీ, ఆ రోజు అక్కడ కుటుంబాలు గుమిగూడి ఉన్నాయనీ ఆయనకు తెలియదు.

హారికా, ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదువు. రన్‌వే దగ్గరికి వచ్చేసరికి విమానం మరీ ఎత్తులో ఉంది. ఇంజిన్లు లేవు కాబట్టి ఇంకో చుట్టు తిరిగి రావడం కుదరదు. ముక్కు కిందికి దించితే వేగం పెరిగిపోతుంది. అప్పుడు కెప్టెన్ బాబ్ పియర్సన్ ఒక జెట్‌లో ఎవరూ ఊహించని పని చేశాడు. తోక మీది రడ్డర్ ఒకవైపు నొక్కి, రెక్కల మీది ఐలెరాన్లు రెండోవైపు తిప్పి, విమానాన్ని పక్కవాటుగా గాలికి అడ్డంపెట్టి దించాడు. అదే సైడ్ స్లిప్. వేగం పెరగకుండా ఎత్తు కరిగిపోతుంది. ఆ విద్య ఆయనకు బోయింగ్ శిక్షణలో రాలేదు, సెలవు రోజుల్లో ఇంజిను లేని గ్లైడర్లు నడపడం వల్ల వచ్చింది. ముందు చక్రం లాక్ కాక ముక్కు నేలకు రాసుకుంది. ఆ రాపిడే విమానాన్ని జనానికి ఇవతల ఆపడానికి సాయపడింది. లోపల ఉన్న 69 మందీ బతికారు. ఆ విమానాన్ని బాగుచేసి 2008 దాకా నడిపారు కూడా.

ఈ ఒక్క ఘట్టంలోంచి నువ్వు ఈ వారమే చేయాల్సిన పనులు రెండున్నాయి. మొదటిది, ట్యాంకు మూత తీసి డిప్ స్టిక్ నువ్వే ముంచి చూడు. ఎవరో చూశామన్నా సరే, నువ్వు మళ్లీ చూడు. అంకె పక్కన లీటర్లా, గ్యాలన్లా, కిలోలా అన్నది రాయకుండా కాగితం మడవకు. నీ సెస్నాలో పోసే పెట్రోలు లీటరు సుమారు 0.72 కిలో, రేపు జెట్‌లో పోసేది సుమారు 0.8. ఈ రెండు అంకెలూ నోటికి రావాలి. ట్యాంకు కింద నుంచి ఇంధనం నమూనా తీసినప్పుడు నీలం రంగు కనబడిందా, అడుగున నీటి బొట్టు ఉందా అని వెలుతురులో పట్టి చూడు. రెండోది, సైడ్ స్లిప్ నేర్పమని ఇన్‌స్ట్రక్టర్‌ను అడుగు. ఫ్లాప్స్, అంటే రెక్కల వెనక ఉండే పలకలు, దించి స్లిప్ చేయడం గురించి మీ విమానం మాన్యువల్ ఏమంటున్నదో ముందు చదువు. ఆయన పక్కన ఉన్నప్పుడే చెయ్యి. చేతులూ కాళ్లూ ఎదురెదురుగా పనిచేయడం మొదట్లో వింతగా ఉంటుంది, తర్వాత ఒంటికి పడుతుంది.

నేను పుణె దగ్గర హడప్సర్‌లో గ్లైడర్ నేర్చుకున్నాను. అక్కడ పైకి లాగే వించ్ తాడు వదిలాక మిగిలేది ఎత్తు, గాలి, నీ చూపు, అంతే. ఇప్పటికీ వీలైతే నువ్వూ వెళ్లాలని నా కోరిక. ఖర్చు విషయం మీ నాన్నతో నేను మాట్లాడతాను.

న్యూయార్క్‌లో హడ్సన్ నదిలో దిగిన విమానం సంగతి నీకు తెలుసు. 2009 జనవరి 15. దాన్ని నువ్వు నీళ్లలో దిగిన దృశ్యంగా చూశావు, నేను దానికి ముందున్న 208 సెకన్లుగా చూడమంటాను. పక్షులు తగిలి రెండు ఇంజిన్ల బలమూ పోయినప్పటి నుంచి నీటిని తాకేదాకా ఉన్న సమయం అంతే. కెప్టెన్ సల్లెన్‌బర్గర్ మొదటి పనుల్లోనే సహాయక ఇంజినును నడిపించాడు. చెక్ లిస్ట్‌లో అది చాలా కింద ఉంటుంది, అక్కడిదాకా చదివే వ్యవధి వాళ్లకు లేదు. విద్యుత్తు ఆగిపోకుండా ఉండటంతో కంప్యూటర్ల రక్షణ చివరిదాకా నిలిచింది. వెనక్కి తిరిగి ఉంటే చేరేవాళ్లా అని తర్వాత సిమ్యులేటర్లలో పరీక్షించారు. పక్షులు తగిలిన క్షణమే తిప్పితే సాధ్యమైంది. మనిషి పరిస్థితిని గ్రహించడానికి పట్టే 35 సెకన్లు కలిపితే విమానం రన్‌వే చేరలేదు. ఆ 155 మందిని బతికించిన కెప్టెన్ పదహారేళ్లకే టెక్సస్‌లో ఒక గడ్డి రన్‌వే మీద, చిన్న ఏరోంకా విమానంలో ఎగరడం నేర్చుకున్నాడు. తర్వాత వైమానిక దళ అకాడమీలో గ్లైడర్లు నడిపాడు.

అందుకే సర్క్యూట్‌లో డౌన్‌విండ్ మీద, రన్‌వేకు సమాంతరంగా, ఉన్నప్పుడు ఊరికే కూర్చోకు. ఇంజిను ఇప్పుడే ఆగితే ఏ పొలంలో దిగుతానో చూసుకో. పంట ఏమిటి, గట్లు ఎటున్నాయి, కరెంటు తీగలు ఉన్నాయా, గాలి ఎటు వీస్తోంది. మన పల్లెల్లో పొలాల మీద తీగలు పైనుంచి కనబడవు, స్తంభాల వరుస కనబడుతుంది. స్తంభాలు వెతుకు. వెయ్యి అడుగుల ఎత్తుకు నీ సెస్నా సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్లు జారుతుంది. ఆ దూరం కిటికీలోంచి ఎంత కనబడుతుందో కంటికి తెలియాలి. అది సిమ్యులేటర్ నేర్పలేదు.

మన నేల మీదే జరిగింది ఒకటుంది. మీ తరం దాన్ని మరిచిపోయింది. 1993 నవంబర్ 15న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ300 మద్రాసు నుంచి హైదరాబాద్ వచ్చింది. బేగంపేటలో రన్‌వే సరిగా కనబడక దిగలేకపోయింది. మళ్లీ పైకి లేచాక ఫ్లాప్స్ లోపలికి పోలేదు. తిరిగి మద్రాసు వైపు బయలుదేరారు. ఫ్లాప్స్ బయటే ఉంటే గాలి లాగుడు విపరీతంగా పెరుగుతుంది, ఇంధనం మామూలు లెక్కకు అందకుండా ఖర్చవుతుంది. మద్రాసు చేరకముందే ఇంధనం అయిపోయి, తిరుపతికి దగ్గరలో ఒక వరి పొలంలో దిగింది. అందులో ఉన్న 262 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. అంత పెద్ద విమానం పొలంలో దిగి అందరూ బతకడం అద్భుతమే, కాదనను. కానీ పైలట్‌గా నువ్వు చదవాల్సింది ఆ పొలాన్ని కాదు. హైదరాబాద్ మీద ఫ్లాప్స్ మొరాయించిన ఆ నిమిషాన్ని చదువు. బయలుదేరేటప్పుడు వేసుకున్న ఇంధనం లెక్క ఆ నిమిషంతో రద్దయిపోయింది. అలాంటప్పుడు కొత్త లెక్క వెంటనే వేయాలి. ఈసారి ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరినప్పుడు సురక్షితమైన ఎత్తులో ఫ్లాప్స్ పూర్తిగా దించి కొంతసేపు సమంగా నడిపి చూడు. థ్రాటిల్‌తో ఇంజిను బలం ఎంత పెంచినా వేగం ఎంత మందగిస్తుందో చేతికి తెలుస్తుంది. ఆ బరువు ఒకసారి చేతికి తెలిసినవాళ్లు పాత అంకెల మీద నమ్మకం పెట్టుకోరు.

ఏ ప్రమాద నివేదికైనా ఇలాగే చదువు. చివరి పేజీ నుంచి వెనక్కి రా. కెనడా సంస్థ ఎయిర్ ట్రాన్సాట్ వాళ్ల ఏ330 విమానం సంగతే చూడు. 2001 ఆగస్టులో అట్లాంటిక్ మీద రెండు ఇంజిన్లూ ఆగిపోయాక సుమారు 19 నిమిషాలు జారుతూ అజోర్స్ దీవుల్లో లాజెస్ రన్‌వే మీద దిగింది. ఆ దిగడాన్ని లోకం మెచ్చుకుంది, మెచ్చుకోవాల్సిందే. వెనక్కి వెళితే, మార్చిన ఇంజినులో ఒకదానికొకటి సరిపోని భాగాలు, వాటి రాపిడికి పగిలిన ఇంధనపు గొట్టం కనబడతాయి. రెండువైపులా ఇంధనం సమానం కాలేదని చూసి, బాగున్న ట్యాంకు నుంచి కారుతున్న వైపుకు ఇంధనాన్ని మళ్లించారు. మీటరు నమ్మశక్యం కానిది చూపితే మీటరే తప్పు అనుకోవడం మనిషి స్వభావం. ఆ స్వభావం నీలోనూ ఉంటుందని గుర్తుపెట్టుకో.

ఇంకో మాట, ఒంటరి గొప్పతనం గురించి. కాక్‌పిట్‌లో అది పనికిరాదు. 1989 జూలై 19న అమెరికాలో యునైటెడ్ 232 విమానంలో మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. కంట్రోల్స్ కదలవు. ప్రయాణికుడిగా వెనక కూర్చున్న శిక్షక పైలట్ డెన్నిస్ ఫిచ్ ముందుకు వచ్చి సాయం చేస్తానంటే కెప్టెన్ ఆల్ హేన్స్ థ్రాటిల్స్ ఆయన చేతికిచ్చాడు. రెండు ఇంజిన్ల బలాన్ని హెచ్చుతగ్గులు చేస్తూ సూ సిటీ రన్‌వే దాకా తెచ్చారు. 112 మంది పోయారు. అందులో ఉన్న 296 మందిలో మిగతావాళ్లు బతికారు. అలా ఇంజిన్ల బలంతోనే విమానాన్ని క్షేమంగా దించడం దాదాపు అసాధ్యమని తర్వాత సిమ్యులేటర్లలో ప్రయత్నించినప్పుడు తేలింది. నువ్వింకా ఒక్కదానివే ఎగురుతున్నావు. అయినా రేడియోలో నేల నుంచి దారి చూపే ఏటీసీ ఉంది. దారి తప్పినా, సందేహం వచ్చినా, సిగ్గుపడకుండా స్పష్టంగా చెప్పు. ముందు విమానాన్ని నడుపు, తర్వాత దారి చూసుకో, ఆ తర్వాత మాట్లాడు. మీ స్కూల్లో ఈ వరుస చెప్పే ఉంటారు. రోజూ పైకే అనుకో.

నువ్వు అడిగిన ఘట్టాలన్నీ ఇలా ఆపదలే కానక్కర్లేదమ్మా. నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైనది 1930లో జరిగింది. ఆగా ఖాన్ బహుమతి కోసం ఇంగ్లండుకూ ఇండియాకూ మధ్య ఒంటరిగా ఎగిరే పోటీ. జే.ఆర్.డి. టాటా కరాచీ నుంచి వెళుతున్నాడు. ఆస్పీ ఇంజినీర్ అనే కుర్రవాడు అటునుంచి ఇటు వస్తున్నాడు. ఈజిప్టులోని అబూకిర్‌లో స్పార్క్ ప్లగ్‌లు లేక ఆస్పీ ఆగిపోయి ఉంటే, టాటా తన దగ్గరున్న వాటిలోంచి ఇచ్చి వెళ్లాడు. పోటీ ఆస్పీ గెలిచాడు. ఆ కుర్రవాడే తర్వాత మన వైమానిక దళానికి అధిపతి అయ్యాడు. మీ బ్యాచ్‌లో ఎవరికైనా నావిగేషన్ పరీక్ష కష్టంగా ఉంటే నీ నోట్సు ఇవ్వు. ముందెవరు సోలో వెళ్లారు, ఎవరికి ఎన్ని గంటలయ్యాయి అన్న పోటీ హాస్టల్లో ఉంటుందని నాకు తెలుసు. దానికి దూరంగా ఉండు.

అదే టాటా 1932 అక్టోబర్ 15న కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి పుస్ మాత్ అనే చిన్న విమానంలో టపా సంచులు తెచ్చాడు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ మన బళ్లారి మీదుగా మద్రాసు తీసుకెళ్లాడు. రేడియో సాయం లేదు. దేశంలో పెద్ద విమాన సంస్థ ఒకటి అలా ఒంటి ఇంజిను విమానంతో మొదలైంది. సరిగ్గా యాభై ఏళ్లకు, 1982లో, 78 ఏళ్ల వయసులో ఆయన అదే దారిలో మళ్లీ చిన్న విమానం నడుపుకుంటూ వచ్చాడు. జంబో జెట్ల సంస్థను నడిపిన మనిషి వేడుకగా ఎంచుకున్నది లెపర్డ్ మాత్ అనే తేలికపాటి విమానాన్ని.

నా ఉద్యోగంలో ఫాకర్లూ, బోయింగ్‌లూ నడిపాను. ఇప్పుడు కళ్లు మూసుకుంటే కనబడేవి మాత్రం పుష్పక్ అనే చిన్న విమానం రెక్క కింద కోనసీమ పాయలు, పొద్దున్నే మబ్బు మీద మన విమానం నీడ చుట్టూ కట్టే గుండ్రటి ఇంద్రధనుస్సు. పుష్పక్‌కు తోకచక్రం. కాళ్లు ఒక్క క్షణం నిద్రపోతే నేల మీద గిర్రున తిరుగుతుంది. తర్వాత ఎన్నో ఏళ్లకు వానాకాలం విశాఖలో అడ్డగాలికి బోయింగ్ దించుతుంటే, నేను ఆలోచించకముందే పాదాలు కదిలాయి. బేగంపేట ఫ్లయింగ్ క్లబ్బులో నా ఇన్‌స్ట్రక్టర్ పెట్టిన కేకలు ఆ పాదాలకు గుర్తున్నాయి.

లాగ్‌బుక్‌లో చివర రిమార్క్స్ అని ఒక గడి ఉంటుంది. అందరూ దాన్ని ఖాళీగా వదిలేస్తారు. నువ్వు వదలకు. ప్రతి ఎగురుడుకూ ఒక్క వాక్యం రాయి. గాలి ఎటు మళ్లింది, నేలను తాకేముందు ముక్కు లేపే ఫ్లేర్ ఎక్కడ ఆలస్యమైంది, దిగకుండా మళ్లీ పైకి లేచి ఎందుకు గో అరౌండ్ చేశావు. గో అరౌండ్ చేసినందుకు ఎవరైనా నవ్వితే నవ్వనీ.

300 నాటికల్ మైళ్ల దూరప్రయాణం, ఆ క్రాస్ కంట్రీ, వచ్చే నెల అన్నావు. ప్లాన్ మీ ఇన్‌స్ట్రక్టర్‌కు చూపించాక నాకూ ఒక నకలు పంపు. ఇంధనం లెక్క లీటర్లలో ఒకసారి, కిలోల్లో ఒకసారి వెయ్యి. ఎదురుగాలి వేగం అనుకున్నదానికన్నా పది నాట్లు ఎక్కువుంటే ఎక్కడ దిగుతావో కూడా రాయి. నేనిక్కడ విడిగా వేసి చూస్తాను, తేడా వస్తే ఫోను చేస్తాను. మీ అమ్మకు ప్రతిరోజూ నేలకు దిగాక ఒక మాట చెప్పడం మానకు. పెద్దమ్మ సున్నుండలు పార్శిలు చేసింది, శనివారానికి అందుతాయి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న