పదకొండు మంది పెద్దలు, ఒక్క ఉదయం

ప్రశ్న: కర్నూలు శివారులోని ఒక వృద్ధాశ్రమంలో సంరక్షకురాలిగా చేరి ఆరు వారాలయింది. ఉదయం ఆరు నుంచి రెండు వరకు డ్యూటీ. నా వంతు పదకొండు మంది, వారిలో ఇద్దరు మంచం దిగలేరు. ఎనిమిదిన్నరకు టిఫిన్ వచ్చేలోగా అందరి స్నానాలూ అయిపోవాలని ఇక్కడి నియమం. నాకు సగం మందివి కూడా కావడం లేదు. మధ్యలో ఒక అవ్వ పది నిమిషాలకొకసారి పిలుస్తుంది. రెండింటికి దిగవలసినదాన్ని మూడున్నర దాకా ఉండిపోతున్నాను. నాకు చురుకు లేదని సూపర్‌వైజర్ అంటున్నారు. నిజంగా నా చేతులే నిదానమా?
— ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: రెండున్నర గంటల్లో పదకొండు స్నానాలంటే మనిషికి పద్నాలుగు నిమిషాలైనా రావు. కీళ్లు పట్టేసిన మనిషిని లేపి, నడిపించి, స్నానం చేయించి, తుడిచి, బట్టలు కట్టడానికి అది ఎవరికీ చాలదు. కాబట్టి ముందు మీ చేతులను అనుమానించడం మానండి.

పనుల్లో గడియారానికి కట్టుబడినవి కొన్నే ఉంటాయి. థైరాయిడ్ మాత్ర పరగడుపున, టిఫిన్‌కు కనీసం అరగంట ముందు పడాలి. పార్కిన్సన్ (వణుకుడు జబ్బు) ఉన్నవారి లెవోడోపా మాత్ర వేళ తప్పితే, తన చొక్కా గుండీలు తానే పెట్టుకునే తాత కాస్తా బిగుసుకుపోతారు, ఆయన స్నానానికి మీకు రెట్టింపు సమయం పడుతుంది. మంచం పట్టినవారిని సాధారణంగా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. తిప్పినప్పుడల్లా నడుము కింద, మడమల దగ్గర చర్మం కందిందేమో చూడాలి. ఒక్క పుండు పడితే నెలల తరబడి రోజూ డ్రెస్సింగ్ పని మీద పడుతుంది. ఇక ఇన్సులిన్ సంగతి నా అనుభవంతో చెబుతాను. నేను నర్సుగా చేరిన కొత్తలో ఒక పెద్దాయనకు ఇంజెక్షన్ ఇచ్చి, పక్క మంచం దుప్పటి మార్చే పనిలో పడి, ఆయన ఇడ్లీ పళ్లెం మరిచాను. తిరిగి చూసేసరికి షుగర్ పడిపోయి ఒళ్లంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, నన్ను గుర్తుపట్టక ఎవరినో పిలుస్తున్నారు. మింగగలిగే స్థితిలో ఉన్నారు కనుక పంచదార నీళ్లు తాగించగానే తేరుకున్నారు. ఆ రోజు నుంచి ఇన్సులిన్ పడినవారి పళ్లెం తర్వాతే నాకు మరో పని. మీ దగ్గర ఇంజెక్షన్ నర్సమ్మ ఇచ్చినా, పళ్లెం వేళకు అందేలా చూడవలసింది మీరే.

స్నానానికి ఇటువంటి గడియారం లేదు. పూజ చేసుకోనిదే మంచినీళ్లు ముట్టని అవ్వలకు తెల్లవారుజామునే చేయించాలి, అందులో రాజీ లేదు. మిగిలినవారిని ఒక్కొక్కరినీ అడిగి చూడండి. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే మన కర్నూలులో సాయంత్రం స్నానమే హాయిగా ఉంటుందనేవారు ఇద్దరు ముగ్గురైనా దొరుకుతారు, వారిని సాయంత్రం డ్యూటీ వారికి అప్పగించవచ్చు. మరికొందరిని పదింటి తర్వాతకు జరపవచ్చు. ఎవరు ఎప్పుడంటున్నారో పేర్లతో కాగితం మీద రాసి సూపర్‌వైజర్ ముందు పెట్టండి. మాటగా చెబితే సాకు అనిపిస్తుంది, పేర్లు చూస్తే ఆలోచిస్తారు.

చేయగలిగినవారి పని వారి చేతనే చేయించండి. ముఖం తుడుచుకోగల తాతకు తడి తువ్వాలు చేతికిచ్చి, ఆయన తుడుచుకునేలోగా మీరు పక్క సర్దవచ్చు. మనమే గబగబా తుడిచేస్తే ఆ నాలుగు నిమిషాలు మిగిలినట్టే ఉంటాయి కానీ, కొన్ని నెలలకు ఆయన చేయి ఆ పని మరచిపోతుంది.

పిలిచే అవ్వ విషయానికి వద్దాం. మాటిమాటికీ బాత్‌రూమ్‌కే పిలుస్తూంటే నర్సమ్మకు చెప్పండి, మూత్రంలో ఇన్‌ఫెక్షనో షుగరో కారణం కావచ్చు. అదేమీ కాకపోతే, బహుశా ఆమెకు కావలసింది నీళ్లు కాదు, మీరు వస్తారన్న నమ్మకం. ‘వస్తానవ్వా’ అని తలుపు దగ్గరి నుంచే చెప్పి వెళ్లిపోతే పది నిమిషాలకు మళ్లీ పిలుస్తుంది. దగ్గరికి వెళ్లి, చేయి పట్టుకుని, ‘టిఫిన్ పళ్లేలు తీసేశాక నీ జడ వేస్తా’ అని ఆమె కంటికి కనిపించే గుర్తొకటి చెప్పి, అన్నట్టే వెళ్లండి. పిలవకముందే రెండుసార్లు పలకరించి చూడండి. నేను చూసినంతలో వారం పది రోజుల్లో పిలుపులు సగానికి తగ్గుతాయి. మతిమరుపు జబ్బు ఉన్నవారికి ఇది పారకపోవచ్చు, వారిని మీ కళ్లెదుట కూర్చోబెట్టుకుని పని చేసుకోవడమే మేలు.

మూడున్నర దాకా ఉండిపోవడానికి చివర్లో కూర్చుని రాసే రాతపనే కారణమై ఉండాలి. మాత్ర మింగించిన క్షణమే పుస్తకంలో రాయండి. రాయకపోతే తర్వాత వచ్చినవారు అదే మాత్ర రెండోసారి ఇచ్చే ప్రమాదం ఉంది. రెండింటికి పది నిమిషాల ముందు, వచ్చినవారిని వెంటబెట్టుకుని మంచం మంచం దగ్గరా అప్పగింత చేసి బయలుదేరండి.

ఇంత చేసినా పని మిగిలితే అది మనుషులు చాలకపోవడమే. మంచం దిగలేని ఇద్దరినీ లేపడానికి, తిప్పడానికి రెండో మనిషి కావాలి. ఒంటరిగా ఎత్తితే వారు జారతారు, మీ నడుము పోతుంది. ఒక వారం పాటు ఏ పని ఎందుకు మిగిలిందో వేళతో సహా రాసి సూపర్‌వైజర్‌కు ఇవ్వండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.